మా ‘వారు’, వాళ్ల ఓట్లు, నా పెళ్లి కాగితం

“అక్కా, మేమిద్దరం అమ్మాయిలం, డల్లాస్‌లో ఉంటున్నాం. నాది హెచ్-1బీ, తనది మాస్టర్స్ ఆఖరి సెమిస్టర్. ఇక్కడి వార్తలు చూస్తుంటే రేపోమాపో మనలాంటివాళ్ల పెళ్లిళ్లు రద్దు చేసేస్తారేమో అని భయమేస్తోంది. ఇప్పుడే చేసుకోవాలా, ఆగాలా? మీరు న్యూయార్క్‌లో ఇవన్నీ చూసినవారు కదా, చెప్పండి” అని అడిగావు.

చేసుకోండి. జవాబు ఇంతే. తొందరున్నవాళ్లు ఇక్కడితో ఆపేసి లైసెన్సు తెచ్చుకోవడానికి వెళ్లొచ్చు. ఎందుకో కూడా తెలియాలంటే మాత్రం కాఫీ పెట్టుకుని కూర్చో చెల్లీ. కథ పొడుగు, పైగా నాకు పక్కదారులు పట్టే అలవాటుంది.

ముందు నా సంగతి. మాది తెనాలి. 2007లో నీలాగే హెచ్-1బీ మీద వచ్చి క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్‌లో దిగాను, ఇప్పటికీ అక్కడే. 74వ వీధిలో కరివేపాకు దొరుకుతుంది, 37వ అవెన్యూ మీద ఏటా జూన్‌లో ప్రైడ్ ఊరేగింపు వెళ్తుంది. నాలాంటిదానికి ఇంతకంటే ఏం కావాలి? ఆ ఊరేగింపు పుట్టిందెలాగంటే, 1990లో మా పేటలోనే హూలియో రివేరా అనే గే యువకుణ్ణి స్కూలు ఆవరణలో కొట్టి చంపారు. ఆ కోపంలోంచి 1993లో ఇది మొదలైంది. అందుకే ఆ డప్పులు వినబడితే నాకు నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది.

మా ఆవిడ ఒహాయో పిల్ల, స్కూల్లో టీచర్. ఈ ‘మా ఆవిడ’ అనే మాట నా నోటికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు నన్ను కాపాడింది అమెరికా రాజ్యాంగం కాదు, తెలుగు వ్యాకరణం. ఉగాదికి పులిహోర వరసలో నిలబడితే ఎవరో పెద్దావిడ అడుగుతుంది:

“మీవారేం చేస్తారమ్మా?”

“మావారు టీచరండీ.”

“రాలేదేం?”

“వారికి పరీక్ష పేపర్లు దిద్దే పనుందండీ.”

ఒక్క అబద్ధమైనా ఆడానా? లేదు. గౌరవ వాచకంలో ఆడామగా తేడా లేదు. వారు వస్తారు, వారు తింటారు, వారికి కారం పడదు. పొరపాటున ‘వచ్చింది’ అని నోరు జారితేనే కొంప కొల్లేరు. మూడేళ్లు బహువచనంలో కాపురం చేశాను.

తర్వాత తెలిసింది, ఇదే పనిని అమెరికా సైన్యం చట్టం పెట్టుకుని మరీ చేసిందని. 1993లో క్లింటన్ హయాంలో తెచ్చిన నియమం: గే సైనికుణ్ణి ‘అడగొద్దు’, అతను ‘చెప్పొద్దు’. చెప్పాడా, ఇంటికి. వేలమందిని అలాగే పంపేశారు. 2011 సెప్టెంబరు 20న ఎత్తేశారు. మన ఇళ్లలో చట్టమూ గిట్టమూ లేకుండా తరతరాలుగా అదే అమల్లో ఉంది, ఎత్తేసే నాథుడే లేడు.

నువ్వు హెచ్-1బీ అన్నావు కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1952 వలస చట్టంలో ‘మానసిక వికృతి’ ఉన్నవాళ్లను దేశంలోకి రానివ్వకూడదన్న మాట ఉండేది, అందులో మనల్నీ కలిపేశారు. చాలదన్నట్టు 1965లో ‘లైంగిక వైపరీత్యం’ అని విడమర్చి రాశారు. 1967లో సుప్రీం కోర్టు కూడా సై అని, బూటిలియే అనే కెనడా మనిషిని వెళ్లగొట్టడం న్యాయమే అంది. దాన్ని తీసేసింది ఎప్పుడనుకుంటున్నావ్? 1990 వలస చట్టంతో. ఈనాటి హెచ్-1బీ వీసాను పుట్టించిందీ అదే చట్టం! సంతకం పెట్టింది పెద్ద బుష్, రిపబ్లికన్. అంటే ఒకే కాగితం మీద మన కంప్యూటర్ పిల్లలకీ లెస్బియన్లకీ తలుపు తీశారు. నాకు రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. అప్పుడు నేను తెనాలిలో ఎక్కాలు బట్టీ పడుతున్నాను, ఆ సంగతి వేరు.

ఇక్కడి రాజకీయాల్లో నేను గమనించిందేమిటంటే, మన హక్కులు సింహద్వారంలోంచి రావు. ఎవరో ఇంకేదో పనికి తీసిన పెరటి తలుపులోంచి వస్తాయి. నాయకుల ఉపన్యాసాలు విని భయపడకు, మురిసిపోకు కూడా. కాగితం మీద ఏముందో చూడు.

1964 పౌరహక్కుల చట్టం తీసుకో. నల్లవాళ్లకు ఉద్యోగాల్లో వివక్ష ఉండకూడదన్న బిల్లు అది. వర్జీనియా నుంచి హోవర్డ్ స్మిత్ అని ఒక సభ్యుడు, నల్లవాళ్లకు సమానత్వం అంటే గిట్టనివాడు, జాతి, మతం వరసలో ‘సెక్స్’ అనే మాట కూడా చేర్చమన్నాడు. ఆడవాళ్ల సంగతి కలిపితే బిల్లు మునిగిపోతుందని ఆయన లెక్క అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. బిల్లు మునగలేదు, మాట మిగిలింది. 56 ఏళ్ల తర్వాత, 2020లో, అదే మాటను పట్టుకుని సుప్రీం కోర్టు 6-3తో చెప్పింది: మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే ఉద్యోగం తీసేసి, ఆడది మగవాణ్ణి ప్రేమిస్తే ఉంచుతారా, అది ‘సెక్స్’ వివక్షే కదా అని. తీర్పు రాసింది ట్రంప్ నియమించిన గోర్సచ్. కేసు వేసినవాళ్లలో బాస్టాక్ అనే ఆయన గే సాఫ్ట్‌బాల్ జట్టులో చేరాక ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. నువ్వు ఆఫీసులో బల్ల మీద తన ఫోటో పెట్టుకోగలుగుతున్నావంటే దాని వెనక ఆ స్మిత్ పెద్దమనిషి తవ్విన గొయ్యి ఉంది.

ఇక పెళ్లి సంగతి. 1996లో ‘వివాహ రక్షణ చట్టం’ అని ఒకటి తెచ్చారు. పెళ్లంటే ఒక మగ, ఒక ఆడ, అంతే. రాష్ట్రాలు ఏమన్నా సరే కేంద్రం ఒప్పుకోదని. ప్రవేశపెట్టిన బాబ్ బార్ అప్పటికి మూడో పెళ్లిలో ఉన్నాడు. ఆనాటి స్పీకర్ గింగ్రిచ్ ఖాతాలోనూ చివరికి మూడు తేలాయి. సంతకం పెట్టిన క్లింటన్ కాపురం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పెళ్లిని వీళ్లు ఎవరి నుంచి రక్షించారో నాకిప్పటికీ అంతుపట్టదు, బహుశా వాళ్ల నుంచే అయివుంటుంది. అన్నట్టు, బార్ తర్వాత తప్పయిందని ఒప్పుకున్నాడు, అది కూడా చెప్పాలి.

2011 జూన్ 24 రాత్రి న్యూయార్క్ సెనేట్ 33-29తో మన పెళ్లిళ్లను ఒప్పుకుంది. సెనేట్ అప్పుడు రిపబ్లికన్ల చేతిలో ఉంది, వాళ్లలో నలుగురు ఇటు దూకితేనే గెలిచాం. మా పేటంతా రోడ్డు మీదకొచ్చింది. నేనూ గెంతాను. గెంతి గెంతి ఇంటికొచ్చి లాయరుకి ఫోన్ చేస్తే, “శుభాకాంక్షలు, మీకేమీ పనికిరాదు” అన్నాడు. ఎందుకంటే పెళ్లి సర్టిఫికెట్ ఇచ్చేది న్యూయార్క్, గ్రీన్‌కార్డ్ ఇచ్చేది వాషింగ్టన్. అక్కడ క్లింటన్ సంతకం కదలకుండా కూర్చుంది.

దాన్ని కదిలించిందెవరో తెలుసా? ఒక ప్రోగ్రామర్! ఈడీ విండ్సర్, ఐబీఎంలో పనిచేసినావిడ. 1967లో థియా స్పయర్‌తో నిశ్చితార్థం చేసుకుంది. ఉంగరం పెట్టుకుంటే ఆఫీసులో ‘వరుడెవరు’ అంటారని, వజ్రాలు పొదిగిన గుండ్రటి బ్రూచ్ పెట్టుకుంది. చూశావా, మనం వ్యాకరణం చాటున దాక్కుంటే ఆవిడ నగ చాటున దాక్కుంది. నలభై ఏళ్లాగి 2007లో టొరంటో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. 2009లో థియా పోయింది. ఇల్లూ ఆస్తీ ఈడీకి వస్తే, కేంద్రం పన్ను 3,63,053 డాలర్లు కట్టమంది. థియా స్థానంలో థియో అనే మొగుడుంటే సున్నా. ఆవిడ కట్టి, రశీదు పట్టుకుని కోర్టుకెళ్లింది. 2013 జూన్ 26న 5-4తో గెలిచింది.

అందరూ ‘ప్రేమ గెలిచింది’ అని అట్టలు పట్టుకున్నారు. నన్నడిగితే పన్ను రీఫండ్ గెలిచింది. అమెరికా వాడికి నీ ప్రేమ అర్థం కాకపోవచ్చు, పన్ను ఎక్కువ కట్టాల్సి వచ్చిందంటే మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

ఆ జులైలోనే వర్త్ స్ట్రీట్‌లోని సిటీ క్లర్క్ ఆఫీసుకెళ్లి చేసుకున్నాం. లైసెన్సుకి 35 డాలర్లు, తంతుకి 25. మా అక్క పెళ్లిలో పందిరి పువ్వులకైన ఖర్చు చెబితే మా ఆవిడ నమ్మదు. గ్రీన్‌కార్డ్ క్యూలో పదేళ్లుగా నిలబడ్డ నా స్నేహితులు మాత్రం, “క్యూ తప్పించుకోడానికి ఎంతకి తెగించావే!” అన్నారు. ఈర్ష్య, ఇంకేముంది.

ఆ నవంబరులో థాంక్స్‌గివింగ్‌కి ఒహాయో ప్రయాణం. 80వ నంబరు రహదారి. న్యూయార్క్‌లో బయల్దేరినప్పుడు దంపతులం. న్యూజెర్సీలోనూ దంపతులమే, అక్కడ అక్టోబరులోనే ఒప్పుకున్నారు. డెలావేర్ నది మీద వంతెన దాటి పెన్సిల్వేనియాలో అడుగుపెట్టాం, రూమ్మేట్లం అయిపోయాం. ఆ తర్వాత ఒహాయో, అక్కడా రూమ్మేట్లమే. ఆదాయప్పన్ను వాళ్లకు మాత్రం అన్నిచోట్లా దంపతులమే, వాళ్లు ఎవర్నీ వదలరు. పెన్సిల్వేనియా పొడుగునా కారు తోలింది నేను. మధ్యలో కాళ్లు చాపుకోడానికి ఆగినప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, “ఏవమ్మా రూమ్మేటూ, హద్దుల్లో ఉండు” అన్నాను.

మా మామగారు ఆజన్మ రిపబ్లికన్. ఆయన గరాజ్‌లో నాలుగైదు ఎన్నికల బోర్డులు గోడకానించి ఉంటాయి, ఒక్కటీ నేను ఓటేసే మనిషిది కాదు. 2004లో ఒహాయోలో పెళ్లి నిషేధం మీద ఓటింగ్ పెట్టారు. ఆ నవంబరులో ఒకేరోజు 11 రాష్ట్రాల్లో పెట్టారు, పదకొండూ నెగ్గాయి. ఈయన నిషేధానికే ఓటేశాడు. నాకెలా తెలుసంటే, గిన్నెలు తుడుస్తూ ఆయనే చెప్పాడు.

“మరి ఇప్పుడు?” అన్నాను.

“అప్పటికి నువ్వు నాకు తెలీవుగా” అన్నాడు, తడి ప్లేటు నా చేతికిస్తూ.

1996లో గాలప్ వాళ్లు అడిగితే మన పెళ్లిళ్లకు సరే అన్నది నూటికి 27 మంది. 2025లో 68. ఆ మధ్య పెరిగిన 41 మందిలో ఎంతమంది ఇలా గిన్నెల దగ్గర మారారో ఏ సర్వే చెప్పదు.

ఆయన వేసిన ఓటే తిరిగితిరిగి మనకు పనికొచ్చింది, అదీ తమాషా. ఒహాయోలో ఆ నిషేధం ఉంది కాబట్టే జిమ్ ఓబర్‌గఫెల్, చావుబతుకుల్లో ఉన్న జాన్ ఆర్థర్ 2013 జులైలో వైద్య విమానం మాట్లాడుకుని బాల్టిమోర్ వెళ్లి, విమానం దిగకుండానే, రన్‌వే పక్కనే పెళ్లాడి తిరిగొచ్చారు. జాన్ మరణ ధృవపత్రంలో ‘జీవిత భాగస్వామి’ అన్న గడిలో జిమ్ పేరు రాయడానికి ఒహాయో ఒప్పుకోలేదు. ఒక గడి! ఆ గడి కోసం వేసిన కేసే సుప్రీం కోర్టుకెళ్లి, 2015 జూన్ 26న 50 రాష్ట్రాల్లోనూ మన పెళ్లి చెల్లేలా చేసింది. మీ టెక్సాస్ కూడా అందులో భాగమే, దానికి ఇష్టం లేకపోయినా.

ఈ లోపల నాయకులేం చేస్తున్నారంటావా? గోడ మీద కూర్చుని తోక ఊపుతున్నారు. ఒబామానే చూడు. 1996లో చికాగోలో చిన్న ఎన్నికకి నిలబడ్డప్పుడు ‘సరే’ అని రాసిచ్చాడు. 2008లో దేశమంతా చూస్తుంటే ‘పెళ్లంటే ఆడామగా’ అన్నాడు. తర్వాత ‘నా అభిప్రాయం పరిణామం చెందుతోంది’ అన్నాడు, బయాలజీ పాఠంలోలాగా. 2012 మేలో బైడెన్ టీవీలో నోరు జారి ‘నాకేం అభ్యంతరం లేదు’ అనేస్తే, మూడురోజులకు ఈయన పరిణామం ఠక్కున పూర్తయిపోయింది. ఆ ఒబామాకి ఓటేసి గెలిపించిన రోజునే, 2008 నవంబరు 4న, కాలిఫోర్నియా జనం మన పెళ్లిళ్లను 52 శాతంతో రద్దు చేశారు. అదే బ్యాలెట్‌లో కోళ్లకు రెక్కలు చాపుకునేంత జాగా ఇవ్వాలన్నదాన్ని అంతకంటే చాలా ఎక్కువ మెజారిటీతో గెలిపించారు. కోడికున్న పలుకుబడి మనకు లేకపోయింది.

కంపెనీలదీ ఇదే తంతు, ఏ ఎండకా గొడుగు. కొన్నేళ్లు జూన్ వస్తే ఆ గొడుగు ఏడురంగుల్లో ఉండేది. బ్యాంకులు, బీరు కంపెనీలు, అందరూ మన బంధువులే. 2025లో వాషింగ్టన్‌లో గాలి మారేసరికి న్యూయార్క్ ప్రైడ్‌కి డబ్బిచ్చేవాళ్లలో కొందరికి హఠాత్తుగా వేరే పనులు పడ్డాయి. నాకైతే ఆ ఏడాది ఊరేగింపే నచ్చింది. క్రెడిట్ కార్డ్ కరపత్రాలు తగ్గాయి.

ఇప్పుడు నీ భయం దగ్గరికొస్తాను. అది ఊరికే పుట్టింది కాదు. 2022లో అబార్షన్ హక్కు కొట్టేసినప్పుడు జస్టిస్ థామస్ విడిగా రాస్తూ, మన పెళ్లి తీర్పును కూడా మళ్లీ చూడాలన్నాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లాడే హక్కునిచ్చిన 1967 తీర్పు అదే కొమ్మ మీద ఉన్నా, జాబితాలో దాన్ని రాయడం మర్చిపోయాడు. ఆయన భార్య తెల్లావిడ. మతిమరుపు ఎక్కడ రావాలో అక్కడే వస్తుంది. 2025 జూన్‌లో మీ డల్లాస్‌లోనే సదరన్ బాప్టిస్టులు అనే క్రైస్తవ సంఘం వాళ్లు సభ పెట్టి, ఆ తీర్పు పోవాలని తీర్మానం చేశారు. ఆ అక్టోబరులో టెక్సాస్ సుప్రీం కోర్టు, మతవిశ్వాసం అడ్డొస్తే జడ్జీలు పెళ్లి జరిపించనక్కర్లేదని తేల్చింది.

ఇక కిమ్ డేవిస్. కందకు లేని దురద కత్తిపీటకు అంటారే, అది ఆవిడ. అప్పట్లో కెంటకీలో కౌంటీ క్లర్కు. 2015లో దేవుడి పేరు చెప్పి మనవాళ్లకు లైసెన్సులు ఇవ్వనంది, ఐదురోజులు జైల్లో ఉంది. ఆవిడ నాలుగుసార్లు పెళ్లాడింది. పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి, మొత్తం తీర్పునే కొట్టెయ్యమని సుప్రీం కోర్టుకెళ్తే, 2025 నవంబరు 10న ఆ అర్జీని వినకుండానే తోసిపుచ్చారు. మా ఇంట్లో ఆ రోజు సేమ్యా పాయసం.

రేపు వింటే? ఇక్కడే కాగితం చూడమన్నాను. 2022 డిసెంబరు 13న బైడెన్ సంతకం పెట్టిన ‘వివాహ గౌరవ చట్టం’ ఉంది. 1996 చట్టాన్ని అది పాతిపెట్టింది. పెళ్లి చేసుకున్న నాటికి, చేసుకున్న చోట చెల్లుబాటైతే చాలు, కేంద్రమూ మిగతా రాష్ట్రాలూ గుర్తించి తీరాలి. దానిలో లేనిదేమిటంటే, ప్రతి రాష్ట్రమూ కొత్తగా లైసెన్సులు ఇచ్చి తీరాలన్న మాట. అంటే 2015 తీర్పు పోయిన పక్షంలో, టెక్సాస్ కొత్త లైసెన్సులు ఆపొచ్చు. వాళ్ల రాజ్యాంగంలో 2005 నాటి నిషేధం ఇంకా చెరపలేదు, పురుగు పట్టిన చీరలా బీరువాలోనే ఉంది. కానీ అప్పటికే అయిన నీ పెళ్లి ఆ చట్టం కింద నిలుస్తుంది. కాంగ్రెస్ ఆ చట్టాన్ని కూడా తీసేస్తే తప్ప. అందుకే మొదటి ముక్కలోనే చేసుకోండి అన్నాను.

నిజానికి ఇప్పుడు దెబ్బలు తగులుతున్నది నీకూ నాకూ కాదు. ట్రాన్స్ వాళ్లకు. కిమ్ డేవిస్‌ని పంపేసిన అదే కోర్టు అంతకు నాలుగురోజుల ముందు, నవంబరు 6న, పాస్‌పోర్టుల మీద పుట్టినప్పటి లింగమే రాయాలన్న ట్రంప్ ప్రభుత్వ నియమం అమలు కావచ్చంది. ‘మన పెళ్లి మనకొచ్చింది, వాళ్ల గొడవ మనకెందుకు’ అనే లెస్బియన్లు కూడా ఉన్నారు, వాళ్లతో నేను టీ కూడా తాగను. 1969 జూన్ 28 తెల్లవారుజామున న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసులు పడితే ఎదురు తిరిగినవాళ్లలో ట్రాన్స్ వాళ్లూ ఉన్నారు. మాఫియా నడిపిన, మద్యం లైసెన్సు కూడా లేని బార్ అది. మన తీర్థక్షేత్రం! 2016లో దాన్ని జాతీయ స్మారకం చేశారు. 2025 ఫిబ్రవరిలో ఆ స్మారకం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎల్‌జీబీటీక్యూలోంచి టీ, క్యూ పీకేశారు. అక్షరాలు పీకడం అలవాటయ్యాక ఏదీ ఆగదు. సైన్యం వెబ్‌సైట్లలోంచి తీసెయ్యాల్సిన ఫోటోల జాబితా తయారుచేస్తే, హిరోషిమా మీద బాంబు వేసిన విమానం బొమ్మ కూడా అందులో తేలింది. దాని పేరు ఎనోలా గే. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనేవాళ్లు మనకే ఉన్నారనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇక మీరు చెయ్యాల్సింది. టెక్సాస్‌లో అయితే లైసెన్సు తీసుకున్నాక 72 గంటలాగాలి, న్యూయార్క్‌లో 24. పెళ్లయ్యాక తను నీ మీద హెచ్-4కి, అంటే జీవిత భాగస్వామికిచ్చే వీసాకి, అర్హురాలు. దాని కోసం మంచి ఇమిగ్రేషన్ లాయర్ని పట్టుకోండి, నా మాట మీద ఫారాలు నింపొద్దు. పెళ్లి కాగితంతో ఊరుకోకుండా ఇద్దరూ వీలునామాలు, ఆస్పత్రిలో ఒకరి తరఫున ఒకరు నిర్ణయం తీసుకునే అధికార పత్రాలు రాయించుకోండి. ఆస్పత్రి కౌంటర్ దగ్గర “మీకేమవుతారు?” అనే ప్రశ్నకు మన వ్యాకరణం పనికిరాదు, నేను చూశాను. హైదరాబాద్‌లో విమానం దిగగానే మీరు మళ్లీ ఇద్దరు స్నేహితురాళ్లే, అదీ తెలుసుకోండి. 2018లో మన బంధం నేరం కాదన్నారు గానీ, హైదరాబాద్‌లో కాపురముంటున్న సుప్రియో, అభయ్ జంట వేసిన కేసులో 2023 అక్టోబరు 17న మన సుప్రీం కోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేనంది. అక్కడ ఏ పెరటి తలుపు తెరుచుకుంటుందో చూడాలి. పన్ను కేసు ఒకటి వెయ్యమని ఎవరైనా సీఏకి చెప్పండి.

ఇంట్లో చెప్పాలా వద్దా అని నువ్వు అడగలేదు, కాబట్టి నేనూ చెప్పను. మా అమ్మకి తెలిసి ఎనిమిదేళ్లయింది. మొదటి రెండేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు ఆవకాయ రెండు సీసాలు పంపుతుంది, ఒకదాని మూత మీద ‘మీవారికి, కారం తక్కువ’ అని కాగితం అంటించి.

వర్త్ స్ట్రీట్‌కే వచ్చేట్టయితే సాక్షి ఒకరు కావాలి. నేనొస్తాను, గుర్తింపు కార్డు తెచ్చుకుంటాను. గురువారాలు మాత్రం వద్దు, ఆ రోజు మా ఆవిడ బడిలో పేరెంట్స్ మీటింగులు, కారు తన దగ్గరుంటుంది.